దిగుబడి తగ్గిస్తేనే విలువ.. ఎర్రనేలలో వైన్ ద్రాక్ష

రాయదుర్గం: తుంగభద్ర ఎగువ కాలువ నీటి కోసం అనంతపురం జిల్లా రైతాంగం ఏటా హోస్పేట వైపు చూస్తుంటుంది. ఆ హోస్పేట దాటి కొప్పళ జిల్లాలోకి అడుగుపెట్టి ఉత్తరంగా సాగితే కుష్టగి ప్రాంతం వస్తుంది. రాళ్లు కలిసిన ఎర్రనేలలు, అంతంత మాత్రపు వర్షాలు, అక్కడక్కడా బోర్ల కింద సేద్యం. చూడటానికి రాయదుర్గం, కళ్యాణదుర్గం పొలాలకు పెద్దగా తేడా కనిపించదు. ఆ నేలలోనే హైదరాబాద్‌కు చెందిన తెలుగు దంపతులు కృష్ణప్రసాద్ చిగురుపాటి, ఉమ చిగురుపాటి ద్రాక్ష తోట వేసి, ఆ తోట పండుతోనే రెడ్ వైన్ తయారు చేయిస్తున్నారు. గ్రాన్యూల్స్ ఇండియా ఔషధ సంస్థ వ్యవస్థాపకులుగా, దూరపు పరుగు పందేల్లో పాల్గొనే జంటగా వీరు చాలామందికి తెలిసినవారే. ఇంట్లో సరదాగా వైన్ చేసుకోవడంతో మొదలైన అభిరుచి చివరకు తోటగా మారింది. ఇద్దరి పేర్లలోని అక్షరాలు కలిపి దానికి క్రస్మా ఎస్టేట్స్ అని పేరు పెట్టుకున్నారు. కేబర్నే సావిన్యాన్, సాంజొవేసే, సిరా వంటి ఐరోపా ఎర్ర ద్రాక్ష రకాలు ఇక్కడ పండుతున్నాయి.

పెద్ద కంపెనీలు వందలాది మంది రైతుల నుంచి పండు కొని లక్షల సీసాలు నింపుతాయి. సొంత తోటలో పండినంతే, అక్కడే వైన్‌గా మార్చే చిన్న ఉత్పత్తి కేంద్రాల పద్ధతి వేరు. ఈ పద్ధతిలో అన్నిటికన్నా ముందుగా రైతుకు వింతగా తోచేది ఒకటుంది. ఇక్కడ దిగుబడి పెంచడానికి ఎవరూ ప్రయత్నించరు. కావాలనే తగ్గిస్తారు.

తినే పండు వేరు.. వైన్ పండు వేరు

మార్కెట్లో దొరికే థాంప్సన్ సీడ్‌లెస్, అనాబ్-ఎ-షాహి వంటి రకాలు తినడానికి పెంచినవి. గింజ పెద్దదిగా, తోలు పలుచగా, రసం ఎక్కువగా ఉండాలి. బాగా చేసే రైతు ఎకరాకు 10 టన్నులు, ఆ పైన కూడా తీస్తాడు. వైన్ రకాల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. కేబర్నే సావిన్యాన్ పండు శనగ గింజకు కాస్త పెద్దదిగా, నల్లగా, దళసరి తోలుతో, లోపల విత్తనాలతో ఉంటుంది. నోట్లో వేసుకుంటే తియ్యగానే ఉన్నా నమలబోతే వగరు తగులుతుంది. కిలో కొనుక్కుపోయి పిల్లలకు పెట్టే పండు కాదు.

ఎర్ర వైన్‌కు రంగు రసం నుంచి రాదు. ఎర్ర ద్రాక్షను పిండితే చాలా రకాల్లో వచ్చేది దాదాపు తెల్లటి రసమే. రంగు, వగరు, సువాసనలో అధిక భాగం తోలులోనే ఉంటాయి. గింజ చిన్నదైతే రసానికి తోలు నిష్పత్తి పెరుగుతుంది. నీళ్లు దండిగా పెట్టి, ఎరువు వేసి గింజను ఊదరగొడితే రసం పెరుగుతుంది కానీ రంగు, రుచి పలుచబడతాయి. అందుకే మంచి రెడ్ వైన్ కోరుకునేవారు ఎకరాకు 3, 4 టన్నులకే పరిమితమవుతారు. కొందరు ఇంకా తగ్గిస్తారు. గుత్తులు రంగు తిరిగే సమయంలో ఆలస్యంగా ఎదిగిన వాటిని కోసి నేలపాలు చేస్తారు. చెట్టు మీద కాయ నిలవాలని మొక్కుకునే రైతుకు ఇది చూడబుద్ధి కాని పని.

లెక్క చూస్తే సంగతి తేటపడుతుంది. 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి నింపడానికి సుమారు 1.2 కిలోల ద్రాక్ష కావాలి. ఎకరాకు 3 టన్నులు పండితే వచ్చేది 2,500 సీసాలు. అంతే. ఎకరాకు 10 టన్నులు తీసి కిలోల లెక్కన అమ్మే తోటకు, 3 టన్నులతో సీసాల లెక్కన అమ్మే తోటకు ఖర్చు దాదాపు ఒకటే అయినా ఆదాయం వచ్చే దారి మాత్రం పూర్తిగా వేరు.

ఏడాదికి రెండు కత్తిరింపులు

ఫ్రాన్స్, ఇటలీ దేశాల్లో శీతాకాలం ద్రాక్ష తీగను నిద్రపుచ్చుతుంది. ఆకు రాలి, మంచు కురిసి, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. దక్కను పీఠభూమిలో అంతటి చలి లేదు. వదిలేస్తే తీగ ఏడాది పొడవునా పచ్చగా పెరుగుతూనే ఉంటుంది, కాపు క్రమం తప్పుతుంది. దీనికి మన దేశపు రైతులు కనిపెట్టుకున్న ఉపాయమే రెండు కత్తిరింపులు. వేసవిలో ఏప్రిల్ ప్రాంతంలో మొదటి కత్తిరింపు చేస్తారు. అప్పుడు వచ్చే కొమ్మలు కాయకు కాదు, వచ్చే పంటకు మొగ్గలు తయారు చేసుకోవడానికి. సెప్టెంబర్, అక్టోబర్‌లలో రెండో కత్తిరింపు. అసలు గుత్తులు దీని తర్వాతే వస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోత. ఒక్క పంట కోసం రెండుసార్లు కత్తెర పట్టాలన్నమాట.

ఈ కాలక్రమంలో ఒక మేలుంది. పండు పక్వానికి వచ్చే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇక్కడ వానలుండవు. పగలు ఎండ కాస్తుంది, రాత్రి చలి పడుతుంది. పగటి ఎండకు చక్కెర పెరిగితే, రాత్రి చల్లదనానికి పులుపు, సువాసన నిలుస్తాయి. పగటికీ రాత్రికీ ఈ తేడా ఎంత ఎక్కువుంటే వైన్‌కు అంత మంచిదని ద్రాక్ష శాస్త్రవేత్తల మాట. ఐరోపాలో కోత వేళకు వాన పడుతుందేమోనని భయపడే రైతు ఇక్కడి పొడి వాతావరణాన్ని చూస్తే అసూయ పడాల్సిందే. అయితే ఆ భయం మనకూ లేకపోలేదు, కాకపోతే నెలలు మారాయి. అక్టోబర్ కత్తిరింపు తర్వాత లేత చిగురు మీద ఈశాన్య రుతుపవనాల వాన, తుపాను ముసురు పడితే బూజు తెగులు అంటుకుంటుంది. పూతతో ఉన్న గుత్తి రెండు మూడు రోజుల్లో మాడిపోతుంది.

నేలను కాపాడుతూ సేద్యం

‘సుస్థిర సేద్యం’ అన్న మాట ఇటీవల సీసాల మీద తరచూ కనిపిస్తోంది. సేంద్రియ పంటకు మన దేశంలో 2001 నుంచి జాతీయ కార్యక్రమం, ధ్రువీకరణ ఉన్నాయి. సుస్థిర సేద్యం అన్నదానికి అటువంటి ఒకే చట్టబద్ధ నిర్వచనం లేదు. కాబట్టి చీటీ మీది మాట కన్నా తోటలో ఏం చేస్తున్నారన్నదే చూసుకోవాలి.

మొదటిది నీరు. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. కొప్పళ పరిస్థితీ దీనికి దగ్గరే. ఇటువంటి చోట పాదులకు నీరు పారించే పద్ధతి పనికిరాదు. బిందు సేద్యం తప్పనిసరి. అయితే డ్రిప్ పెట్టినంత మాత్రాన నీరు ఆదా అయినట్లు కాదు. ఎప్పుడు ఆపాలో తెలియాలి. చీనీ తోటలో నీరు ఆపి, చెట్టును బెట్టకు గురిచేసి పూత రప్పించే విద్య ఈ జిల్లా రైతుకు కొత్తది కాదు. వైన్ ద్రాక్షలోనూ ఇటువంటి పనే జరుగుతుంది. గింజ కట్టిన తర్వాత నీరు కొంత తగ్గిస్తే తీగ పెరుగుదల ఆగి, గింజ చిన్నదిగా ఉండి, శక్తి పండు మీదకు మళ్లుతుంది. మరీ ఆపితే ఆకు మాడి పండు తీపెక్కదు. ఈ రెంటి మధ్య గీత సన్ననిది. తినే ద్రాక్ష కన్నా వైన్ ద్రాక్షకు తక్కువ నీరు చాలడానికి కారణం ఇదే. కరవు నేలకు ఈ పంట గురించి ఆలోచించడానికి ఉన్న అసలైన కారణం కూడా ఇదొక్కటే.

రెండోది వేరు. ఐరోపా రకాలను నేరుగా నేలలో నాటరు. 1860ల్లో అమెరికా నుంచి ఫ్రాన్స్‌కు చేరిన ఫిలాక్సెరా అనే వేరు పురుగు అక్కడి తోటల్లో అధిక భాగాన్ని తుడిచిపెట్టింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా అడవి ద్రాక్ష వేరు మీద ఐరోపా కొమ్మను అంటుకట్టడమే దానికి దొరికిన విరుగుడు. మన దగ్గర డాగ్‌రిడ్జ్, 110ఆర్ వంటి వేరు మొక్కలను వాడుతున్నారు. ఇక్కడ ఫిలాక్సెరా కన్నా ముఖ్యమైన అవసరం బెట్టను, బోరు నీటిలోని ఉప్పును తట్టుకోవడం. మహారాష్ట్రలో ఈ అంటు మొక్కల వాడకం పెరగడానికి నీటి ఎద్దడి, ఉప్పు నేలలే కారణమయ్యాయి.

మూడోది వరుసల మధ్య నేల. అక్కడ జనుము, జీలుగ, అలసంద చల్లి పూతకు ముందే కోసి నేల మీద పరుస్తారు. ఎండ నేరుగా తగలక తేమ నిలుస్తుంది, వాన పడ్డప్పుడు మట్టి కొట్టుకుపోదు, కుళ్లితే ఎరువవుతుంది. కలుపు మందు ఖర్చు కూడా తగ్గుతుంది. పశువుల ఎరువు, వానపాముల ఎరువు మామూలే.

తెగుళ్ల దగ్గరే అసలు పరీక్ష. బూజు తెగులుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం 1880ల నుంచి వాడుకలో ఉంది. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో దారిన పోయేవారు పండ్లు కోసుకుపోకుండా గట్టు పక్క తీగలపై చల్లిన ఈ మందు, తెగులును కూడా ఆపుతోందని మిలార్డే అనే శాస్త్రవేత్త గమనించాడు. సేంద్రియ సేద్యంలోనూ దీన్ని అనుమతిస్తారు. కానీ రాగి మట్టిలో కరిగిపోదు. ఏళ్ల తరబడి చల్లితే పేరుకుపోయి వానపాములకు, మేలు చేసే శిలీంధ్రాలకు చేటు చేస్తుంది. అందుకే ఐరోపా సమాఖ్య 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగి మించరాదని కట్టడి పెట్టింది. సేంద్రియం అన్నంత మాత్రాన అన్నీ మంచివేనని అనుకోవడానికి లేదు. పిండినల్లి పురుగుకు క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగులను తోటలో వదలడం, కాండంపై వదులైన బెరడును గీకి పురుగు దాక్కునే చోటు లేకుండా చేయడం వంటి పనులు కూలీల మీద ఆధారపడినవి. చిన్న తోటలో ఇవి సాధ్యం. వందల ఎకరాల్లో కష్టం.

పులిసే పది రోజులు

కోత తెల్లవారుజామునే మొదలవుతుంది. ఎండ ఎక్కకముందే పండు షెడ్డుకు చేరాలి. లేకపోతే బుట్టలోనే పులియడం మొదలవుతుంది. రసంలో చక్కెర 23, 24 శాతానికి చేరిందని చిన్న గాజు పరికరంతో చూసి కోస్తారు. విత్తనం ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు మారిందా లేదా అన్నది కూడా కొరికి చూస్తారు. పచ్చి విత్తనం వైన్‌కు చేదు తెస్తుంది.

కాడలు వేరు చేసి, పండు చిదిపి, తోలు, విత్తనాలు, రసం అన్నీ కలిపి స్టీలు తొట్లలో నింపుతారు. తెల్ల వైన్‌కు రసాన్ని మాత్రమే పులియబెడతారు. ఎర్ర వైన్‌కు తోలుతో సహా పులియాలి. ఈస్ట్ అనే సూక్ష్మజీవి చక్కెరను తిని ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. 24 శాతం చక్కెర ఉన్న రసం నుంచి 13, 14 శాతం ఆల్కహాల్ వస్తుంది. పులిసేటప్పుడు వేడి పుడుతుంది. అది 30 డిగ్రీలు దాటిపోకుండా చూడాలి. మన ఎండల్లో తొట్టి చుట్టూ చల్లటి నీరు తిప్పే ఏర్పాటు లేనిదే ఇది సాధ్యం కాదు. చిన్న వైనరీల కరెంటు బిల్లులో పెద్ద భాగం ఇదే.

వాయువు పైకి తన్నడంతో తోళ్లన్నీ తేలి మందపాటి మీగడలా కడతాయి. రోజుకు రెండు మూడు సార్లు వాటిని రసంలోకి అదిమి ముంచుతారు. రంగు దిగేది అప్పుడే. ఈ దశలో తొట్లలోకి తొంగిచూడటం కూడా ప్రమాదమే. పూర్వం ధాన్యపు పాతరలోకి దిగేముందు దీపం దించి చూసిన పెద్దలకు ఆ వాయువు సంగతి బాగా తెలుసు. ఖాళీ చేసిన తొట్టిని శుభ్రం చేయడానికి దిగిన కూలీలు ఊపిరాడక చనిపోయిన ఘటనలు వైన్ తీసే దేశాల్లో ఇప్పటికీ జరుగుతున్నాయి.

వారం, పది రోజులయ్యాక వైన్‌ను వడకట్టి, మిగిలిన తోళ్లను మెల్లగా పిండుతారు. ఆ తర్వాత ఇంకో మార్పు జరుగుతుంది. పచ్చి మామిడిని గుర్తుచేసే పదునైన మాలిక్ ఆమ్లాన్ని ఒక రకం బాక్టీరియా మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పెరుగు, మజ్జిగల్లో ఉండే పులుపు ఇదే. ఇక పీపాల వంతు. 225 లీటర్ల ఓక్ చెక్క పీపాలో ఏడాది, ఏడాదిన్నర నిలవ ఉంచుతారు. చెక్క సందుల్లోంచి కొద్దిగా గాలి లోపలికి పోయి వగరును మెత్తబరుస్తుంది. కొంత వైన్ ఆవిరైపోతుంది కూడా. ఎప్పటికప్పుడు నింపుతూ ఉండాలి. ఒక పీపా నుంచి 300 సీసాలు వస్తాయి. విదేశాల నుంచి తెప్పించే ఈ పీపా మూడు నాలుగేళ్లకు వాసన కోల్పోతుంది.

పిండగా మిగిలిన తోలు, విత్తనాల పిప్పి పండు బరువులో ఐదో వంతు దాకా ఉంటుంది. పేడతో కలిపి కుళ్లబెట్టి మళ్లీ తీగల మొదళ్లలోనే వేస్తారు. తొట్లు, పీపాలు కడిగిన నీరు మాత్రం నేరుగా పొలానికి వదలకూడదు. పులుపు, చక్కెర ఎక్కువగా ఉండే ఆ నీరు శుద్ధి చేయకపోతే బావిని పాడుచేస్తుంది.

రైతు దిగవచ్చా?

ఈ ప్రశ్న రాయలసీమలో తరచూ వినిపిస్తోంది. వేరుశనగ చేతికి రాని ఏళ్లు పెరిగేకొద్దీ కొత్త పంట పేరు చెబితే చెవి ఒగ్గడం సహజం. పక్క రాష్ట్రం 2007లో ద్రాక్ష శుద్ధి, వైన్ విధానాన్ని ప్రకటించి, అదే ఏడాది వైన్ బోర్డును ఏర్పాటు చేసింది. మహారాష్ట్ర 2001లోనే ఇటువంటి విధానం తెచ్చింది. ఆ తర్వాత నాసిక్ ప్రాంతంలో జరిగింది రైతులు తెలుసుకుని తీరాలి.

విధానం వచ్చిన కొన్నేళ్లకే అక్కడ వైనరీలు పదుల సంఖ్యలో వెలిశాయి. తినే ద్రాక్ష తోటలు తీసి వైన్ రకాలు నాటినవారు చాలామంది. 2008లో ఆర్థిక మాంద్యం, దానికితోడు ముంబై దాడుల తర్వాత హోటళ్ల వ్యాపారం పడిపోవడంతో వైన్ అమ్మకాలు తగ్గాయి. తొట్లలో పాత వైన్ నిండి ఉండగా కొత్త పండు కొనేవారు లేకపోయారు. తినే ద్రాక్షయితే సంతకు వేయవచ్చు, ఎండుద్రాక్ష చేయవచ్చు. విత్తనాలతో, వగరుతో ఉండే వైన్ పండును సంతలో ఎవరూ అడగరు. ఎందరో రైతులు తీగలు పీకేశారు. ఒప్పందం కాగితం మీద ఉన్నా కొనుగోలుదారు దివాలా తీస్తే చేసేదేమీ ఉండదన్న సంగతి అప్పుడు తెలిసివచ్చింది.

సొంత తోట, సొంత వైనరీ ఉన్నవారికి ఈ బెడద కొంత తక్కువ. పండును వైన్ చేసి దాచుకోగలరు. కానీ దానికి కావలసిన పెట్టుబడి మామూలు రైతు మోయగలిగినది కాదు. అంటు మొక్కలు, తీగల ఆధారానికి రాళ్లు, కమ్మీలు, డ్రిప్ అన్నీ కలిస్తే ఎకరాకు లక్షల్లోనే. నాటిన మూడో ఏట గాని చెప్పుకోదగ్గ పంట రాదు. ఆ పండు వైన్‌గా మారి, పీపాలో నిలిచి, సీసాలోకి చేరేసరికి ఐదేళ్లు. అంతవరకు రాబడి లేకుండా నిలబడగలగాలి. వేరే వ్యాపారంలో నిలదొక్కుకున్నవారే చిన్న వైన్ తోటల్లో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. ఎక్సైజ్ లైసెన్సు, రాష్ట్రానికో రకం సుంకం, ఒక్కో రాష్ట్రంలో విడిగా లేబుల్ నమోదు అదనపు భారం. హంపీ పక్కన పండి హైదరాబాద్‌లో అమ్ముడుపోవాలన్నా సరిహద్దు దాటినట్లే లెక్క.

తెలుగు నేలకు ద్రాక్ష కొత్త కాదన్నది కూడా మరువరాదు. 19వ శతాబ్ది చివర్లో హైదరాబాద్ చేరిన అనాబ్-ఎ-షాహి దశాబ్దాల పాటు నగరం చుట్టూ తోటలను పచ్చగా ఉంచింది. మేడ్చల్, శామీర్‌పేట్ వైపు పందిళ్లు ఒకప్పుడు రోడ్డు మీది నుంచే కనిపించేవి. బోర్లు ఎండి, భూమి ధర పెరిగి, 1990ల నుంచి అవి ఒక్కొక్కటే ప్లాట్లుగా మారిపోయాయి. పంట నష్టపోయి కాదు, పంట కన్నా భూమే ఎక్కువ పలకడం వల్ల. కుష్టగి వంటి చోట్ల ఆ ఒత్తిడి ఇంకా అంతగా లేదు.

వైన్‌ను ఆరోగ్య పానీయంగా చెప్పే ప్రచారం ఒకప్పుడు జోరుగా సాగింది. ఆల్కహాల్ ఏ మోతాదులోనూ పూర్తి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. సేంద్రియ ద్రాక్షతో చేసినా అందులోని ఆల్కహాల్ మారదు.

ఇప్పటికీ ఆసక్తి ఉన్న రైతులు ముందుగా పుణె సమీపంలోని మంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం సూచనలు తెలుసుకోవడం, బోరు నీటిలో ఉప్పు శాతం పరీక్ష చేయించుకోవడం మంచిది. నీటి పరీక్షకు అయ్యే ఖర్చు స్వల్పం. అది బాగోలేకపోతే మిగిలిన లెక్కలు వేసుకోనక్కరలేదు. నీరు కుదిరితే, పండు ఎవరు కొంటారు, కొనేవారి తొట్లలో ఇప్పటికే ఎంత నిలవ ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే గుంతలు తవ్వాలి. అంటు మొక్కలకు వేరు మొక్కలను ముందే నాటి, అవి కుదురుకున్నాక కొమ్మ కట్టాల్సి ఉంటుంది కనుక ఆలోచించుకోవడానికి ఎలాగూ కొన్ని నెలల వ్యవధి ఉంటుంది.